ఒక్క నొక్కుకి రెండు క్లిక్కులు: ఫార్మాట్ కొట్టిస్తే పోయే జబ్బు కాదు

ప్రశ్న: సార్, నేను కాకినాడలో పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తుంటాను. పొద్దున్నుంచి రాత్రి దాకా ఫొటోషాప్‌లోనే పని. ఏడాదిన్నర కిందట కొన్న వైర్‌లెస్ మౌస్ ఈమధ్య చుక్కలు చూపిస్తోంది. ఫైల్ సెలెక్ట్ చేద్దామని ఒక్కసారి నొక్కితే అది తెరుచుకుంటోంది. బ్రౌజర్‌లో ఒక ట్యాబ్ మూస్తే పక్క ట్యాబ్ కూడా పోతోంది. ఫొటోని లాక్కెళ్తుంటే సగం దారిలో వదిలేస్తోంది. మొన్న ఒక పెళ్ళి ఫోల్డర్ మొత్తం మాయమైంది. వెతగ్గా వెతగ్గా పక్క ఫోల్డర్‌లో దొరికింది, అప్పటిదాకా ఒకటే టెన్షన్. షాపులో చూపిస్తే వైరస్ అన్నారు, ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్ళీ వేశారు, డబ్బులూ తీసుకున్నారు. రెండు రోజులు బాగానే ఉన్నట్టనిపించింది, మళ్ళీ మొదలు. యూట్యూబ్‌లో చూసి డబుల్ క్లిక్ స్పీడ్ మార్చాను, లాభం లేదు. ఇంతకుముందు వాడిన మౌస్ కూడా ఇలాగే పోయింది. దీన్ని బాగుచేయించవచ్చా? కొత్తదే కొనాలంటే ఎలాంటిది కొనాలి?

జవాబు: మీ కంప్యూటర్‌కి వైరస్ లేదు. ఫార్మాట్‌కి ఇచ్చిన డబ్బు నీళ్ళలో పోసినట్టే. పాడైంది మౌస్ ఎడమ బటన్ కింద ఉండే చిన్న స్విచ్.

దాని సంగతికి వచ్చే ముందు ఒక అర్జెంటు మాట. ఈ మౌస్ బాగయ్యేదాకా ఫోల్డర్లని మౌస్‌తో లాగి ఇంకోచోట పడేయడం పూర్తిగా ఆపేయండి. ఫోల్డర్‌ని సెలెక్ట్ చేసి కంట్రోల్ ఎక్స్, వెళ్ళాల్సిన చోట కంట్రోల్ వి. మొన్న మీ ఫోల్డర్‌కి జరిగింది ఇదే: మీరు లాగుతుండగా మౌస్ మధ్యలో ‘వదిలేశారు’ అని చెప్పింది, ఆ క్షణంలో బాణం ఏ ఫోల్డర్ మీద ఉంటే అందులో పడిపోయింది. మళ్ళీ ఏదైనా మాయమైతే కంగారుపడి ఇంకేదీ ముట్టుకోవద్దు. వెంటనే కంట్రోల్ జెడ్ కొట్టండి, ఎక్కడిది అక్కడికి వచ్చేస్తుంది. చాలామంది ఈ షార్ట్‌కట్ ఫొటోషాప్‌కే అనుకుంటారు గానీ ఫోల్డర్లలో కూడా పనిచేస్తుంది.

మీరు రాసిన లక్షణాలు చదవగానే అనుమానం స్విచ్ మీదికే పోతుంది. అయినా ఖాయం చేసుకోవడం మంచిది, ఎందుకంటే విండోస్‌లో ఒక సెట్టింగు కూడా ఇలాంటి వేషమే వేస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్స్‌లో ‘సింగిల్ క్లిక్ టు ఓపెన్ యాన్ ఐటమ్’ అని ఉంటుంది. ఎవరైనా తెలియక దాన్ని టిక్ చేస్తే ప్రతి ఫైలూ ఒక్క నొక్కుకే తెరుచుకుంటుంది. కాకపోతే సెట్టింగు వల్లయితే ప్రతిసారీ జరగాలి, ఫోల్డర్లలోనే జరగాలి. మీకు ఉండుండి జరుగుతోంది, పైగా బ్రౌజర్ ట్యాబులూ పోతున్నాయి. కాబట్టి ఇది సెట్టింగు కాదు.

నోట్‌ప్యాడ్ తెరిచి ఒక వాక్యం టైప్ చేయండి. ఒక పదం మధ్యలో నిదానంగా ఒక్కసారి నొక్కండి. అక్కడ గీతలాంటి కర్సర్ వచ్చి నిలబడాలి. పదం మొత్తం నీలంగా సెలెక్ట్ అయిపోతే మౌస్ రెండు క్లిక్కులు పంపినట్టు. ఒకటి రెండుసార్లు నొక్కి బాగుందనుకోవద్దు, ముప్పై నలభైసార్లు నొక్కితేగానీ దొరకదు. తర్వాత డెస్క్‌టాప్ మీద ఖాళీచోట బటన్ నొక్కి పట్టుకుని మౌస్‌ని మెల్లగా గుండ్రంగా తిప్పండి. బాణం వెంట నీలం పెట్టె ఒకటి సాగుతూ ఉండాలి. అది మధ్యలో తెగి మాయమైనా, ఇంకోచోట కొత్తగా మొదలైనా లోపల కనెక్షన్ విడిపోతోందని అర్థం.

చివరిగా సెట్టింగ్స్‌లో మౌస్ దగ్గరికి వెళ్ళి ప్రైమరీ బటన్‌ని కుడివైపుకి మార్చి చూడండి. అంటే ఎడమ బటన్ పని కుడి బటన్ చేస్తుందన్నమాట. అవే రెండు పరీక్షలు కుడి బటన్‌తో చేస్తే ఏ గొడవా లేదనుకోండి, ఇక విండోస్ మీద నింద వేయాల్సిన పనిలేదు. పట్టుమని పది రూపాయలు ఖర్చు లేని ఈ పరీక్ష షాపులో ఎందుకు చేయలేదో నాకైతే అర్థం కాదు. వేరే మౌస్ ఒకటి తగిలించి చూసినా తేలిపోయేది.

ఇప్పుడు ఆ స్విచ్ గురించి. మౌస్ విప్పితే ఎడమ బటన్ కింద నల్లని డబ్బా ఒకటి కనిపిస్తుంది, పొడవు 13 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ, వెడల్పు 6 మిల్లీమీటర్ల లోపు. పైన చిన్న బొడిపె ఉంటుంది. దీన్ని మైక్రో స్విచ్ అంటారు. లోపల రాగి మిశ్రమంతో చేసిన పల్చటి రేకు స్ప్రింగులా వంగి ఉంటుంది. బొడిపె నొక్కగానే ఆ రేకు ఒక కొస నుంచి ఇంకో కొసకి దూకి, అక్కడున్న లోహపు చుక్కని తాకుతుంది. మనకి వినపడే ‘టిక్’ ఆ దూకుడు చప్పుడే.

లోహం లోహాన్ని తాకినప్పుడు ఒక్క దెబ్బకి కుదురుకోదు. స్టీలు కంచం చేజారి గచ్చు మీద పడితే గలగలా కొట్టుకుని గానీ ఆగదు కదా, రేకు పరిస్థితీ అంతే. కొన్ని మిల్లీసెకన్ల పాటు తగులుతూ విడిపోతూ ఉంటుంది. కొత్త మౌస్‌లోనూ ఇది జరుగుతుంది. అందుకే మౌస్ లోపలి చిప్ మొదటి తాకిడిని లెక్కలోకి తీసుకుని, ఆ తర్వాత కొద్ది మిల్లీసెకన్లు ఏం జరిగినా పట్టించుకోదు. ఈ ఏర్పాటునే డీబౌన్స్ అంటారు. రేకులో బిగువు తగ్గినా, తాకే చోట మకిలి పట్టినా ఆ కొట్టుకోవడం గడువు దాటిపోతుంది. అప్పుడు చిప్ దాన్ని ఇంకో క్లిక్ అనుకుంటుంది. నొక్కి పట్టుకున్నప్పుడు కనెక్షన్ కాసేపు తెగితే బటన్ వదిలేశారనుకుంటుంది. మీ రెండు కష్టాలకీ మూలం ఇదొక్కటే. గేమింగ్ మౌస్‌లలో స్పందన వేగంగా ఉండాలని ఈ గడువుని బాగా తగ్గిస్తుంటారు. ఖరీదైన మౌస్‌లో కూడా ఈ జబ్బు తొందరగా బయటపడటానికి అదొక కారణం.

స్విచ్‌ల మీద కంపెనీలు రాసే అంకెలు చూస్తే మాత్రం కళ్ళు తిరుగుతాయి. చాలా మౌస్‌లలో కనిపించే జపాన్ కంపెనీ ఒమ్రాన్ స్విచ్‌లలో ఒక రకానికి 2 కోట్ల క్లిక్కుల ఆయుష్షు అంటారు, ఇంకో రకానికి 5 కోట్లు. మీరు రోజుకి 5,000 క్లిక్కులు కొడతారనుకున్నా 2 కోట్లకి 4,000 రోజులు, అంటే దాదాపు 11 ఏళ్ళు పట్టాలి. మరి ఏడాదిన్నరకే ఎందుకు పోయింది? ఎందుకంటే ఇక్కడ ఎన్నిసార్లు నొక్కారన్నది ఒక్కటే లెక్క కాదు. మన ఇంటి గోడ స్విచ్‌లో పారే కరెంటు ఎక్కువ, తాకే చోట పట్టిన పల్చటి మకిలి పొరని అదే కాల్చేస్తుంది. మౌస్‌లో పారే కరెంటు మరీ స్వల్పం, దానికా శక్తి లేదు. పట్టిన పొర పట్టినట్టే ఉంటుంది. బ్యాటరీ ఎక్కువ కాలం రావాలి కాబట్టి వైర్‌లెస్ మౌస్‌లలో ఆ కరెంటుని ఇంకా పొదుపు చేస్తారు. దానికితోడు మీది సముద్రపు ఊరు. ఉప్పుగాలి, తేమ, చేతి చెమట అన్నీ కలిశాయి. ఫార్మాట్ తర్వాత రెండు రోజులు బాగుండటంలో కూడా వింతేమీ లేదు. ఈ పొర ఒక్కో నొక్కుకి చెదురుతుంది, మళ్ళీ అడ్డుపడుతుంది. అందుకే ఈ జబ్బు వస్తూ పోతూ ఉంటుంది, చూపించడానికి తీసుకెళ్ళినప్పుడు బుద్ధిగా పనిచేసి మన పరువు తీస్తుంది.

యూట్యూబ్ సలహా ఎందుకు పారలేదో కూడా ఇందులోనే ఉంది. విండోస్ మామూలుగా అర సెకను, అంటే 500 మిల్లీసెకన్ల లోపు రెండు క్లిక్కులు ఒకేచోట పడితే డబుల్ క్లిక్ అనుకుంటుంది. స్లైడర్‌ని ఎంత వేగం వైపు జరిపినా ఆ గడువు 200 మిల్లీసెకన్ల దగ్గర ఆగిపోతుంది. మీ స్విచ్ పంపే దొంగ క్లిక్ కొన్ని మిల్లీసెకన్లలోనో, కొన్ని పదుల మిల్లీసెకన్లలోనో వచ్చేస్తోంది. అది 500లోనూ ఇముడుతుంది, 200లోనూ ఇముడుతుంది. స్లైడర్ జరిపితే మీరు కావాలని కొట్టే డబుల్ క్లిక్కులకే కష్టమవుతుంది. వేళ్ళు నెమ్మదించిన పెద్దవాళ్ళ కోసం దాన్ని ‘స్లో’ వైపు జరపడమే ఆ సెట్టింగు అసలు ఉపయోగం. మీరు దాన్ని మళ్ళీ మధ్యకి పెట్టేయండి.

ఇక మందు. స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే మౌస్ బిల్లు వెతకండి. మౌస్‌లకి కొన్ని కంపెనీలు ఏడాది, కొన్ని మూడేళ్ళ దాకా వారంటీ ఇస్తాయి. మీది ఏడాదిన్నరదే కాబట్టి ఇంకా మిగిలి ఉండొచ్చు. పెట్టె మీదో కంపెనీ సైటులోనో మోడల్ చూసి కనుక్కోండి. డబుల్ క్లిక్ అనేది కంపెనీలవాళ్ళకి బాగా తెలిసిన ఫిర్యాదే. నోట్‌ప్యాడ్ పరీక్షని ఫోన్‌తో వీడియో తీయండి. వేలు ఒక్కసారే నొక్కడం, తెర మీద పదం సెలెక్ట్ కావడం రెండూ ఒకే ఫ్రేములో కనిపించాలి. అది పంపితే వాదన తగ్గుతుంది. ఒకసారి విప్పారా, వారంటీ మీద ఆశ వదులుకోవాల్సిందే.

వారంటీ లేకపోతే మొదట క్లీనింగ్. మొబైల్ రిపేరు షాపుల్లో ఐపీఏ అని అడిగితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దొరుకుతుంది. బ్యాటరీ తీసేసి, మౌస్ విప్పి, స్విచ్ బొడిపె పక్క సందులో ఒక్క చుక్క వేసి యాభై అరవైసార్లు గబగబా నొక్కండి. పూర్తిగా ఆరాక బిగించండి. మకిలి పొరే కారణమైతే కొన్నాళ్ళు హాయిగా నడుస్తుంది. రేకు బిగువు పోయి ఉంటే ఏమీ మారదు. చేతులకి రాసుకునే శానిటైజర్ మాత్రం పోయొద్దు, అందులో నీళ్ళూ గ్లిజరినూ ఉంటాయి. కొబ్బరినూనె చుక్క వేసి చూశామని చెప్పేవాళ్ళూ ఉన్నారు. దానికి దుమ్ము అంటుకుని లోపల ముద్ద కడుతుంది, ఉన్నదీ పోతుంది.

సాఫ్ట్‌వేర్ మందు కూడా ఒకటుంది. మొదటి క్లిక్ తర్వాత 50, 60 మిల్లీసెకన్ల లోపు వచ్చే రెండో క్లిక్‌ని మింగేసే చిన్న ప్రోగ్రాములు దొరుకుతాయి, ఆటోహాట్‌కీ (మౌస్, కీబోర్డు పనులకి చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకునే సాఫ్ట్‌వేర్) తెలిసినవాళ్ళు సొంతంగా రాసుకుంటారు కూడా. మనిషి వేలితో కొట్టే డబుల్ క్లిక్‌లో మధ్య విరామం మామూలుగా 100 మిల్లీసెకన్లకి పైనే కాబట్టి అసలు క్లిక్కులకి ఇబ్బంది రాదు. కొన్ని కంపెనీల సొంత యాప్‌లలో డీబౌన్స్ టైమ్ పెంచుకునే వీలు ఉంటుంది, ఉంటే ముందు అదే చూడండి. ఆఫీసులో ఈమెయిళ్ళు చూసుకునేవారికి ఈ ఉపాయం చాలు. మీకు మాత్రం నేను చెప్పను. దొంగ క్లిక్కులైతే చాలావరకు ఆగుతాయి గానీ, లాగుతుండగా మధ్యలో వదిలేయడాన్ని ఇలాంటి ప్రోగ్రాములు చాలావరకు ఆపలేవు. మీ పనిలో సగం లాగుడే.

కాబట్టి మీకు సరైన దారి స్విచ్ మార్పించడం. స్విచ్ ధర టిఫిన్ ఖర్చు దాటదు. సోల్డరింగ్ తెలిసిన టీవీ మెకానిక్కో, మొబైల్ రిపేరు కుర్రాడో ఉంటే చాలు, పావుగంట పని. మీ ఊళ్ళో స్విచ్ దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు. హైదరాబాద్ వెళ్ళే పనుంటే కోఠి గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ పార్టుల షాపుల్లో అడగండి. పాత స్విచ్ మీద సన్నటి అక్షరాల్లో కంపెనీ పేరు, నంబరు ఉంటాయి, ఫొటో తీసి అదే రకం అడగండి. ఒమ్రాన్, కైల్, హువానో కంపెనీల మామూలు మౌస్ స్విచ్‌లు చాలావరకు ఒకే కొలతతో, మూడు కాళ్ళతో ఉంటాయి కాబట్టి ఒకదాని బదులు ఇంకోటి పడుతుంది. చప్పుడు రాని సైలెంట్ మౌస్ అయితే జాగ్రత్త, వాటి స్విచ్‌ల కొలత వేరుగా ఉండొచ్చు.

అన్నట్టు, ముందు పోయిన మౌస్ ఇంకా ఏ డ్రాయర్‌లోనో పడి ఉందా? ఉంటే స్విచ్ కొనక్కర్లేదు. దాని ఎడమ స్విచ్ అరిగింది గానీ కుడిది పెద్దగా వాడి ఉండరు. కొలత కుదిరితే దాన్నే ఊడదీసి దీనికి వేయించండి. అదీ లేకపోతే ఇదే మౌస్‌లో కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్పించవచ్చు. కుడి క్లిక్ రెండుసార్లు పడినా పెద్ద నష్టమేమీ ఉండదు.

విప్పేటప్పుడు తెలియాల్సినవి కొన్ని. స్క్రూలు పైకి కనిపించవు. అడుగున జారడానికి అంటించిన నున్నటి ముక్కల కిందో, స్టిక్కర్ కిందో దాక్కుని ఉంటాయి. హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి చేస్తే జిగురు మెత్తబడి ఆ ముక్కలు చిరగకుండా వస్తాయి. స్టిక్కర్ మీద వేలితో గట్టిగా రాస్తే గుంట తగులుతుంది, అక్కడ ఒక స్క్రూ ఉన్నట్టే. పై మూతని ఒక్కసారిగా లాగొద్దు, కొన్నిటిలో పై భాగానికీ కింది బోర్డుకీ మధ్య పల్చటి రిబ్బన్ వైరు ఉంటుంది. చార్జింగ్ మౌస్ అయితే లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది, దాని కనెక్టర్ తీసేశాకే సోల్డరింగ్ ఐరన్ దగ్గరికి తేవాలి. కొత్త స్విచ్ పెట్టేటప్పుడు బొడిపె ఏ వైపుకి ఉందో చూసుకోవాలి. అది డబ్బాకి సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక కొసకి దగ్గరగా ఉంటుంది. తిప్పి పెడితే కాళ్ళు రంధ్రాల్లో దూరతాయి గానీ బటన్ పనిచేయదు. స్విచ్ మూత ఊడదీసి లోపలి రేకునే వంచి బిగువు పెంచే వీడియోలు కూడా ఉన్నాయి. వడ్లగింజంత బొడిపె ఎగిరి మంచం కిందికి పోతే వెతకడానికే సాయంత్రం సరిపోతుంది. దొరికినా రేకుని మళ్ళీ కొక్కేనికి తగిలించడం అందరివల్లా అయ్యే పని కాదు. మీకు ఆల్బమ్‌లు డెలివరీ ఇవ్వాల్సిన గడువులు ఉంటాయి, ఆ జోలికి పోకండి.

కొత్తది కొనాలనుకుంటే షాపులో ‘ఆప్టికల్ మౌస్ ఇదిగో’ అని ఇచ్చేదాన్ని చూసి మోసపోవద్దు. ఆ ఆప్టికల్ అనే మాట అడుగున వెలిగే లైటుకి సంబంధించింది. ఇప్పుడు దొరికే మౌస్‌లన్నీ దాదాపు అవే. మీరు అడగాల్సింది ఆప్టికల్ స్విచ్. అందులో క్లిక్‌ని పసిగట్టేది కాంతి కిరణం. బటన్ నొక్కితే కిరణానికి అడ్డు తొలగడమో, అడ్డు పడటమో జరుగుతుంది. క్లిక్ కోసం లోహాలు ఒకదాన్నొకటి తాకాల్సిన అవసరమే లేదు కాబట్టి మకిలి పట్టి డబుల్ క్లిక్ పడే బాధ ఉండదు. రేజర్ కంపెనీ గేమింగ్ మౌస్‌లలో వీటిని బాగా వాడుతుంది, ఇప్పుడు ఇతర కంపెనీలూ తెస్తున్నాయి. ధర మామూలు మౌస్‌కి కొన్ని రెట్లు. రోజంతా మౌస్ మీదే బతికే మీలాంటివారికి అది దండగ ఖర్చు అనిపించదు. అసూస్ ఆర్‌ఓజీ శ్రేణిలో కొన్నిటికి స్విచ్‌లు సోల్డరింగ్ లేకుండా చేత్తో ఊడదీసి మార్చుకునే సాకెట్లు ఉంటాయి, అదీ మంచి ఏర్పాటే. బడ్జెట్ అంత లేదంటే వైరున్న మామూలు మౌస్ తీసుకోండి. టేబుల్ మీద కదలకుండా ఉండే కంప్యూటర్‌కి వైర్‌లెస్ అవసరం ఏముంది?

ఏది కొన్నా బిల్లు మీద మోడల్, సీరియల్ నంబరు రాయించుకోండి. షాపువాళ్ళు ఇచ్చే థర్మల్ పేపర్ బిల్లు కొన్నాళ్ళకి తెల్లకాగితం అయిపోతుంది, వారంటీకి వెళ్ళేసరికి అందులో ఏమీ ఉండదు. కొన్నరోజే ఫొటో తీసి మీ మెయిల్‌కే పంపుకోండి.